బడికి ఒంటిపూట, గోల్కొండకు మిట్టమధ్యాహ్నం

మే నెల మధ్యలో హైదరాబాద్‌లో పొద్దు పొడిచేది ఉదయం 5.45 ప్రాంతంలో. ఆ వేళ ట్యాంక్‌బండ్ మీద గాలి హాయిగా ఉంటుంది. దక్కన్ పీఠభూమి మీద, సముద్ర మట్టానికి ఐదు వందల మీటర్లకు పైన ఉన్న ఊరు కాబట్టి, పగలు ఎంత మండినా తెల్లవారుజామున కాస్త ఊపిరి పీల్చుకోనిస్తుంది. పిల్లల చెయ్యి పట్టుకుని ఊరు తిప్పడానికి ఎండాకాలంలో ఇంతకన్నా మంచి వేళ దొరకదు. కానీ వాళ్లకు చూపించాలనుకున్నవన్నీ అప్పటికి మూసే ఉంటాయి. జూపార్క్ గేటు తెరిచేసరికి ఎనిమిదో ఎనిమిదిన్నరో అవుతుంది. గోల్కొండకు తొమ్మిది, సాలార్‌జంగ్ మ్యూజియానికి పది. టికెట్ తీసుకుని లోపల అడుగు పెట్టేసరికి ఎండ నడినెత్తికి దగ్గరపడుతుంది. సాయంత్రం ఐదు, ఐదున్నరకు వేడి కాస్త వెనక్కి తగ్గుతుంటే, కాపలా ఉన్నవాళ్లు ఈల వేసి అందరినీ బయటికి పంపించేస్తారు. పొద్దు గూకడానికి అప్పటికింకా గంటకు పైగా ఉంటుంది.

డిసెంబరులో ఈ వేళలు బాగానే సరిపోతాయి. మే నెలకు ఇవి పనికిరావు. పిల్లలతో పట్నం చూడటానికి కుటుంబాలు ఎక్కువగా వచ్చేది మాత్రం మేలోనే.

ఎండల్లో ఎవరు రమ్మన్నారు అని అడగడం సులువు. కానీ ఆ కుటుంబాలకు ఇంకో నెల ఏది? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొన్నేళ్లుగా బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ 24 ప్రాంతంలో మొదలై జూన్ 11 దాకా ఉంటున్నాయి. దసరాకూ సంక్రాంతికీ అందరూ సొంతూరికే పోతారు. ఆ సెలవులు పండగలవి, పట్నానివి కావు. రైతు కుటుంబమైతే యాసంగి కోతలు అయిపోయి, వానాకాలం దుక్కులు మొదలు కాకముందు దొరికే తీరిక ఈ నెలన్నరే. మేనమామో, పిన్నో కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఉంటే, వాళ్ల పిల్లలకూ ఇవే సెలవులు. పిల్లవాడు ఏడాదంతా అడుగుతున్న జూపార్క్‌కు, చార్మినార్‌కు తీసుకుపోవడానికి తండ్రికి నాలుగు రోజులు దొరికాయంటే అవి ఇప్పుడే దొరుకుతాయి. ఖమ్మం నుంచి, నిజామాబాద్ నుంచి, కర్నూలు నుంచి వాళ్లు ఎండలకు తెగించి వస్తున్నారు. మాటిచ్చారు కాబట్టి వస్తున్నారు.

అందుకే, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బయటికి రావొద్దని ఏటా ఇచ్చే ప్రభుత్వ సలహా సరైనదే అయినా అది సగం మాటే. రావొద్దన్న వేళల్లో తలుపులు బార్లా తెరిచి, రమ్మనాల్సిన వేళల్లో తాళం వేసి ఉంచితే ఆ సలహాను పాటించేది ఎట్లా?

పిల్లల ఒంటికీ పెద్దల ఒంటికీ ఎండ ఒకేలా తగలదు. పిల్లల బరువుతో పోలిస్తే వాళ్ల చర్మం విస్తీర్ణం ఎక్కువ. బయటి గాలి ఒంటికన్నా వేడెక్కినప్పుడు ఆ చర్మం గుండానే వేడి లోపలికి వేగంగా చేరుతుంది. చెమట పట్టడమూ పెద్దవాళ్లకన్నా తక్కువే కాబట్టి చల్లబడటం కష్టమవుతుంది. పైగా వాళ్లు నేలకు దగ్గరగా ఉంటారు. మే ఎండలో తారు రోడ్డు పైపొర 60 డిగ్రీలు దాటిపోగలదు. రోడ్డు మీద నడిచే నాలుగేళ్ల పిల్లకు ఆ సెగ మొహాన కొడుతుంది, అదే రోడ్డు మీద నడిచే తండ్రికి మోకాళ్ల దగ్గరే ఆగుతుంది. వాతావరణ శాఖ చెప్పే 41 డిగ్రీలు నీడలో, నేలకు ఎత్తుగా పెట్టిన పరికరం చూపించే అంకె. గోల్కొండ రాతి మెట్ల మీద నడిచే పిల్లవాడు భరించేది అంతకన్నా చాలా ఎక్కువ.

ఇంకో చిక్కు ఉంది. ఆటలో, కొత్త ఊరి సంబరంలో పడ్డ పిల్లలు దాహమని అడగరు. అడిగేసరికే ఆలస్యమవుతుంది. పెదాలు ఎండిపోవడం, గంటల తరబడి మూత్రానికి వెళ్లకపోవడం, వెళ్లినా ముదురు పసుపు రంగులో రావడం, ఊరికే చిరాకు పడటం, ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం, నడుస్తూ నడుస్తూ నిద్రమత్తుగా తూలడం: ఇవన్నీ ఒంట్లో నీరు తగ్గిపోతోందని చెప్పే గుర్తులు. చాలాసార్లు ఇంట్లో వాళ్లు వీటిని మారాం కింద లెక్కేసి గదమాయిస్తారు. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడితేనో ఫిట్స్ వస్తేనో అది వడదెబ్బ. అప్పుడు జ్వరం మాత్ర పనిచేయదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ విసరాలి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేని పిల్లల నోట్లో నీళ్లు పోయకూడదు.

ఓఆర్ఎస్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఇక్కడ తల్లిదండ్రులు ఎన్నో ఏళ్లు మోసపోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్ఎస్ నీళ్లలో గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వాటితోపాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ లెక్క ప్రకారం ఉండాలి. చక్కెర ఆ మేరకే ఉంటే పేగులు ఉప్పునూ నీటినీ త్వరగా పీల్చుకుంటాయి. చక్కెర మితిమీరితే పేగు నీటిని తిరిగి లోపలికి లాగేసుకుని విరేచనాలను పెంచుతుంది. అయినా పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకున్న తీపి పానీయాలు, అంతకు ఎన్నో రెట్లు చక్కెరతో, మందుల షాపుల్లో ఏళ్ల తరబడి అమ్ముడుపోయాయి. దీని మీద పట్టు విడవకుండా పోరాడింది హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్. ఫిర్యాదులు చేశారు, కోర్టుకు వెళ్లారు, వీడియోల్లో తల్లులకు విడమరచి చెప్పారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ, అసలు సూత్రం ప్రకారం తయారు కాని ఏ పానీయమూ తన పేరులో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. ఇదే ఊరి డాక్టరు సాధించిన ఈ గెలుపు, ఈ ఊరికి పిల్లలతో వచ్చే ప్రతి కుటుంబానికీ తెలియాలి. సంచిలో పెట్టుకోవాల్సింది పొడి ప్యాకెట్. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు, చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకు. సగం పొడి ఒకసారి, మిగతా సగం తర్వాత అని కలపకూడదు. కలిపిన నీళ్లు ఒక రోజు దాటితే పారబోయాలి. మామూలు తిరుగుడుకు అది కూడా అక్కర్లేదు. ఉప్పేసిన పల్చటి మజ్జిగ, కొబ్బరి నీళ్లు, రోడ్డు పక్కన ఒలిచి ఇచ్చే లేత తాటి ముంజలు చాలు.

వీటిని తెలుగువాళ్లకు కొత్తగా నేర్పాల్సిన పని లేదు. ఉగాది వస్తూనే ఊరూరా చలివేంద్రాలు వెలుస్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత పుట్టించుకున్న జాతి మనది. ఎండాకాలానికి తగ్గట్టు గడియారాన్ని మార్చుకోవడమూ మనకు తెలుసు. ఏ ఊళ్లో గుడి అయినా చూడండి. తెల్లవారుజామున సుప్రభాతంతో తెరుస్తారు, మధ్యాహ్నం నైవేద్యం అయ్యాక తలుపులు వేస్తారు, సాయంత్రం మళ్లీ తెరిచి రాత్రి పవళింపు సేవ దాకా ఉంచుతారు. దేవుడి దర్శనానికి రెండు పూటలు అలవాటైన జనం కోట చూడటానికి రెండు పూటలు పెడితే తికమక పడరు.

ప్రభుత్వానికీ ఇది తెలియనిది కాదు. మార్చి మధ్యలో రెండు రాష్ట్రాలూ ఒంటిపూట బడులు పెడతాయి. తెలంగాణలో ఉదయం ఎనిమిదికి మొదలయ్యే బడి పన్నెండున్నరకు ముగుస్తుంది. అంటే మార్చి ఎండకే పిల్లలు తట్టుకోలేరని అధికారికంగా ఒప్పుకున్నట్టే. ఆ వేళల మార్పును ఏ తల్లీ తండ్రీ వద్దనలేదు, ఏ టీచరూ కుదరదనలేదు. అటువంటిది, ఎండ ఇంకా ముదిరే మే నెలలో, అదే పిల్లవాడు సెలవుల్లో ఉన్నాడన్న ఒక్క కారణంతో, అతని కోసం మార్చిన గడియారాన్ని మళ్లీ పాత దారిన పెట్టడం ఏ విధంగా సబబు? బడిలో ఉన్నప్పుడు పిల్లవాడి బాధ్యత విద్యా శాఖది. బడి గేటు దాటి జూపార్క్ గేటు ముందు నిలబడ్డప్పుడు అతనికి తగిలే ఎండ గురించి ఆలోచించే శాఖ ఒక్కటీ కనిపించదు.

జూపార్క్ సంగతే తీసుకుందాం. మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాల్లో విస్తరించిన ఈ పార్క్‌ను 1963 అక్టోబరులో జనం కోసం తెరిచారు. ప్రతి వేసవిలోనూ అక్కడి సిబ్బంది జంతువులను కాపాడటానికి చేసే ఏర్పాట్లు చూసి నేర్చుకోదగ్గవి. బోనుల మీద గడ్డి కప్పులు వేస్తారు. పక్షులకు, కోతులకు నీటి తుంపరలు కొట్టిస్తారు. పులులకు, సింహాలకు కూలర్లు పెడతారు. పుచ్చకాయలు కోసి ఇస్తారు, తాగే నీళ్లలో గ్లూకోజ్ కలుపుతారు. ఈ శ్రద్ధను మెచ్చుకోవాలి. అదే శ్రద్ధ టికెట్ వరుసలో నిలబడ్డ మూడేళ్ల పిల్లకు కూడా దక్కాలని కోరడంలో అత్యాశ ఏమీ లేదు. మే నెలలో ఈ పార్క్‌ను ఉదయం ఆరుకే తెరిస్తే సగం కష్టం తీరుతుంది. జంతువులు చురుగ్గా కదిలేది కూడా ఆ వేళే. పన్నెండు గంటల వేళ వెళ్లిన పిల్లలకు దక్కేది, నీడలో అటు తిరిగి పడుకున్న పులి వీపు మాత్రమే.

గోల్కొండది వేరే కథ. అది గ్రానైటు కొండ. పైన బారాదరి దాకా మూడు వందలకు పైగా మెట్లు. పొద్దున పది తర్వాత ఆ రాయి వేడిని తాగడం మొదలుపెడుతుంది, సాయంత్రం దాకా కక్కుతూనే ఉంటుంది. కింద ద్వారం గుమ్మటం దగ్గర చప్పట్లు కొడితే కొండ మీద వినిపించే విడ్డూరం పిల్లలకు ఎంతో ఇష్టం. ఆ సరదా తీరాక, సగం మెట్లెక్కేసరికి మొహాలు కందిపోతాయి. చంకన బిడ్డ, చేతిలో ఖాళీ సీసా, పైన ఇంకా సగం కొండ. ఆ కోటను ఉదయం ఆరుకు ఎక్కితే పిల్లలు పరుగెత్తుకుంటూ ఎక్కుతారు. చీకటి పడ్డాక అక్కడ జరిగే సౌండ్ అండ్ లైట్ ప్రదర్శనకు పిల్లలతో ఎంతోమంది వస్తారు. సాయంత్రం వేళ జనం రారేమో అన్న అనుమానం అక్కర్లేదని ఆ ప్రదర్శనే చెబుతోంది.

ఇలా వేళలు మార్చడం మన దేశంలో ఎప్పుడూ జరగనిదేమీ కాదు. 2019 జూలైలో కేంద్ర సాంస్కృతిక శాఖ పది చారిత్రక కట్టడాలను సూర్యోదయం నుంచి రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచాలని నిర్ణయించింది. ఢిల్లీలోని హుమాయూన్ సమాధి, గుజరాత్‌లోని రాణీ కీ వావ్ దిగుడు బావి ఆ జాబితాలో ఉన్నాయి. గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీలకు సమకాలికులైన ఆదిల్‌షాహీలు విజయపురలో కట్టిన గోల్ గుంబజ్ కూడా ఉంది. గోల్కొండ లేదు, చార్మినార్ లేదు. వేసవి మూడు నెలలకైనా వీటిని ఆ పద్ధతిలోకి తేవాలని రాష్ట్రం గట్టిగా అడగాలి. మన రెండు రాష్ట్రాల ఎంపీలు ఢిల్లీలో ఎన్నో అడుగుతుంటారు. ఇది చిన్న కోరిక, ఖర్చు కూడా పెద్దగా లేనిది.

సిబ్బంది ఎక్కడి నుంచి వస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. ఉన్నవాళ్లనే పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబెట్టడం తగదు. ఎండలో వాళ్లూ మనుషులే. అందుకే ఆరుబయట ఉన్న చోట్లను మధ్యాహ్నం మూసేయాలి. ఉదయం ఆరు నుంచి పదకొండు, సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిదిన్నర. మొత్తం కలిపితే తొమ్మిది గంటలే, ఇప్పటికన్నా పెద్దగా ఎక్కువ కాదు. మండే ఎండలో గేటు దగ్గర నిలబడే గార్డుకూ ఊడ్చే ఆమెకూ నడుమ విశ్రాంతి దొరుకుతుంది. ఒకే మనిషిని రెండు పూటలూ రప్పిస్తే మాత్రం దారి ఖర్చూ శ్రమా పెరుగుతాయి కాబట్టి, పూటకొక బృందం పెట్టాలి. దానికి డబ్బు కావాలంటే అది ఇవ్వదగ్గ డబ్బే. జూపార్క్‌కు మాత్రం సాయంత్రం పొడిగింపు వద్దు, చీకటి పడ్డాక జంతువులను వాటి మానాన వదలాలి. దానికి ఉదయం పూట చాలు.

మరి నడుమ మండే గంటల్లో పిల్లలు ఎక్కడుండాలి? ఇక్కడే హైదరాబాద్‌కు ఉన్న అదృష్టం బయటపడుతుంది. ఇన్ని మ్యూజియాలున్న ఊరు తెలుగు నేల మీద మరొకటి లేదు.

పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. రెండు వేల ఏళ్లకు పైబడిన ఆ యువతి పేరు నైషు అంటారు. ఆరో నిజాం అల్లుడు కొని తెచ్చిన ఆ మమ్మీ ఏడో నిజాం చేతుల మీదుగా మ్యూజియానికి చేరింది. పుస్తకంలో పిరమిడ్ల పాఠం చదివిన ఆరో తరగతి పిల్ల దాని ముందు ఎంతసేపు నిలబడుతుందో చూసినవాళ్లకు తెలుసు. ఆదర్శ్‌నగర్ కొండ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో డైనోసార్ అస్థిపంజరం ఉంది. అది విదేశాల నుంచి తెచ్చిన నమూనా కాదు. ప్రాణహిత, గోదావరి లోయలో, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన అసలు ఎముకలు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో ఆ జీవికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లో ఒక తెలుగు పల్లె పేరు అలా నిలిచిపోయింది. మంచిర్యాల నుంచి పట్నం చూడటానికి వచ్చిన పిల్లవాడికి, ఇది మీ దిక్కు నేలలోదే అని చెప్పి చూపిస్తే ఆ ఎముకల గూడు మీద అతనికి కలిగే మక్కువే వేరు. ఆ పక్కనే 1985లో మొదలైన ప్లానెటేరియం, చల్లని చీకటి గదిలో తెలుగు వ్యాఖ్యానంతో చుక్కల ఆట.

సాలార్‌జంగ్ మ్యూజియంలో మధ్యాహ్నం పన్నెండు గంటలకు గడియారం బొమ్మ బయటికి వచ్చి పన్నెండు సార్లు గంట కొడుతుంది. దాని ముందు బెంచీల మీద పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. ఒకే కొయ్య దుంగలో ముందు మెఫిస్టోఫిలిస్, వెనక మార్గరెట్టా కనిపించే శిల్పం ముందు అద్దంలో చూస్తూ అటూ ఇటూ తిరగడం ఇంకో సరదా. అయితే ఒక్క మాట. ముప్పైకి పైగా ఉన్న గ్యాలరీలన్నీ ఒక్క పూటలో చూపించాలని పిల్లలను లాక్కెళ్తే వాళ్లకు మిగిలేది కాళ్ల నొప్పులే. నాలుగు గదులు చూసి, కూర్చుని, నీళ్లు తాగి బయటపడితే చాలు. శుక్రవారం ఈ మ్యూజియానికి సెలవు, సోమవారం జూపార్క్‌కు సెలవు. ఈ సంగతి తెలియక మూసిన గేటు దాకా వచ్చి, ఆటోకు మళ్లీ డబ్బులు పెట్టుకుని ఎండలో తిరిగి పోయే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

పెద్దవాళ్లు సర్దుకోవాల్సింది కూడా ఇక్కడే. ఇంత దూరం వచ్చాం కదా, అన్నీ చూసే పోదాం అన్న పట్టుదల ఎండాకాలంలో పిల్లలకు చేటు చేస్తుంది. ఆటో మాట్లాడుకుని ఒక్క రోజులో చార్మినార్, జూపార్క్, గోల్కొండ, ట్యాంక్‌బండ్, బిర్లామందిర్ చుట్టేస్తే ఫొటోలు ఉంటాయి, పిల్లల మనసులో ఏదీ నిలవదు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, నడుమ నీడపట్టున భోజనమూ నిద్రా. రైలు తెల్లవారుజామున సికింద్రాబాద్‌లోనో, కాచిగూడలోనో, 2025 జనవరిలో మొదలైన చర్లపల్లి కొత్త టెర్మినల్‌లోనో దింపితే, లాడ్జి గది మధ్యాహ్నం దాకా ఇవ్వరన్న దిగులు అక్కర్లేదు. సామాను క్లోక్‌రూమ్‌లో పెట్టి ఆ చల్లటి రెండు మూడు గంటలు హుస్సేన్‌సాగర్ గట్టున గడపొచ్చు. నడుమ ప్రయాణాలకు మెట్రో ఉంది. 57 స్టేషన్లు, చల్లని బోగీలు, కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుంది. రైలెక్కడమే చాలామంది పిల్లలకు ఆ రోజంతటిలో పెద్ద పండగ. సొంత కారులో వచ్చేవాళ్లు మాత్రం నిద్రపోతున్న బిడ్డను ఐదు నిమిషాలే కదా అని అద్దాలు వేసిన కారులో వదలకూడదు. ఎండలో నిలిపిన కారు లోపల పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది. అద్దం కొంచెం దించినా తేడా ఉండదు.

డబ్బున్నవాళ్లకు మధ్యాహ్నం గడపడానికి షాపింగ్ మాల్స్ ఉన్నాయి. ఫుడ్ కోర్టులో కూర్చుంటే ఎవరూ లేవమనరు, కానీ నలుగురికి నాలుగు ప్లేట్లు కొనేసరికి ఊరెళ్లే బస్సు ఛార్జీలు అయిపోతాయి. చేతిలో కొద్ది డబ్బుతో పట్నం వచ్చిన కుటుంబం అక్కడ ఎంతసేపు కూర్చోగలదు? నీడ, నీళ్లు, కూర్చోవడానికి చోటు, శుభ్రమైన మరుగుదొడ్డి, ఈ నాలుగూ పైసా ఖర్చు లేకుండా దొరకాలి. మరుగుదొడ్డి మాట ఎండాకాలంలో ప్రాణానికి సంబంధించినది. వెళ్లడానికి చోటుండదన్న భయంతో తల్లులు నీళ్లు తాగడం మానేస్తారు, పదేళ్ల ఆడపిల్లలకూ అదే నేర్పుతారు. చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి రాళ్లు పరిచారు, చూడ్డానికి అందంగా ఉంది. ఆ రాళ్ల మీద నిలబడటానికి నీడే కరువు. స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో ఏటా ఎండాకాలం రాగానే బజారు వీధుల మీద ఈ మేడ నుంచి ఆ మేడకు తెల్లటి గుడ్డ పందిళ్లు లాగుతారు. పెళ్లికి ఒక్క పూటలో వీధంతా పందిరి వేయగల మనకు లాడ్‌బజార్ మీద, జూపార్క్ టికెట్ వరుస మీద పందిరి వేయడం ఎంత పని?

పారిస్ నగర పాలక సంస్థ 2003లో వడగాలులకు జరిగిన భారీ ప్రాణనష్టం నుంచి పాఠం నేర్చుకుంది. ఊళ్లో చల్లగా ఉండే పార్కులు, మ్యూజియాలు, గ్రంథాలయాలు, ప్రార్థనా మందిరాలు ఎక్కడున్నాయో మ్యాపులో గుర్తించి జనానికి అందుబాటులో పెట్టింది. వడగాలుల రోజుల్లో కొన్ని పార్కులను రాత్రిళ్లు కూడా తెరిచే ఉంచుతుంది. మన దేశంలో అహ్మదాబాద్ 2010 నాటి ఎండల తర్వాత 2013లో వేడి కార్యాచరణ ప్రణాళిక రాసుకుంది. తెలంగాణ కూడా వెనకబడి లేదు. 2023లో చల్లటి పైకప్పుల విధానం తెచ్చింది. 2025లో వడగాలులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, వడదెబ్బతో చనిపోయినవారి కుటుంబాలకు నాలుగు లక్షల రూపాయల సాయం ఇస్తామంది. చనిపోయాక ఇచ్చే సాయం గురించి అంత స్పష్టంగా రాసుకున్న ప్రభుత్వం, ఎండ తగలకముందు చేయాల్సిన పనులూ అంతే స్పష్టంగా రాసుకోవాలి. 2015 మే నెలలో దేశంలో రెండు వేల మందికి పైగా ఎండకు బలయ్యారు. వాళ్లలో ఎక్కువ మంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. ఉపాధి కోసం ఎండలో నిలబడ్డ కూలీలు, వృద్ధులు అందులో ఎందరో ఉన్నారు. పర్యాటకుల పిల్లల కోసం వేసిన పందిరి కింద గాజులమ్మే మనిషీ, ఆటో డ్రైవరూ, ముంజలు ఒలిచే అవ్వా నిలబడతారు. అది ఈ ఆలోచనకు మరింత బలం.

సాయంత్రాల్లో ఊరు ఎంత మారగలదో హైదరాబాద్ ఒకసారి చూపించింది. 2021 ఆగస్టులో ఆదివారం సాయంత్రం ఐదు నుంచి పది దాకా ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపేశారు. నడిరోడ్డు మీద పిల్లలు స్కేటింగ్ చేశారు, బుడగలు ఊదారు, తాతలూ నానమ్మలూ గట్టు మీద కూర్చుని బుద్ధుడి విగ్రహం వెలుగులు చూశారు. అక్టోబరులో చార్మినార్ దగ్గరా అటువంటి సాయంత్రాలు మొదలుపెట్టారు. జనం విరగబడి వచ్చారు. తర్వాత అవి నిలకడగా సాగలేదు. వాటిని మళ్లీ మొదలుపెట్టి, మే నెలలో ప్రతి సాయంత్రానికీ విస్తరించడానికి కొత్తగా కట్టాల్సింది ఏదీ లేదు. మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీమ్ దుకాణాల ముందు రాత్రి పదింటికి కూడా పిల్లలతో నిండిపోయే బెంచీలు చూస్తే, ఎండాకాలం రాత్రుల్లో ఈ ఊరి జనం ఏం కోరుకుంటున్నారో అధికారులకు వేరే సర్వే అక్కర్లేదు.

చిక్కంతా ఎవరి తాళం వారి దగ్గర ఉండటంలో ఉంది. గోల్కొండ, చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖవి. సాలార్‌జంగ్ కేంద్ర సాంస్కృతిక శాఖ కింద ఉంది. జూపార్క్ రాష్ట్ర అటవీ శాఖది, మమ్మీ ఉన్న మ్యూజియం రాష్ట్ర వారసత్వ శాఖది. మరుగుదొడ్లు నగర పాలక సంస్థవి, నీళ్లు జలమండలివి. వీళ్లందరినీ ఒక బల్ల దగ్గరకు పిలవాల్సింది రాష్ట్ర పర్యాటక శాఖ, అదీ ఫిబ్రవరిలోనే. మార్చిలో ఒంటిపూట బడుల ఉత్తర్వు వచ్చే వారంలోనే వేసవి సందర్శన వేళల ఉత్తర్వూ రావాలి. ఏప్రిల్ 24 నాటికి సికింద్రాబాద్, కాచిగూడ, చర్లపల్లి స్టేషన్లలో, ఎంజీబీఎస్, జేబీఎస్ బస్టాండ్లలో తెలుగు, ఉర్దూ, హిందీల్లో పెద్ద బోర్డులు కట్టాలి. ఏది ఎన్నింటికి తెరుస్తారు, ఏ రోజు సెలవు, మంచినీళ్లు ఎక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ, మధ్యాహ్నం పిల్లలతో ఉచితంగా కూర్చోదగ్గ చల్లని చోటు ఎక్కడ, ఒళ్లు కాలిపోతున్న బిడ్డను ముందుగా చేర్చాల్సిన దగ్గరి ఆసుపత్రి ఏది అన్నవన్నీ వాటి మీద ఉండాలి.